కరోనా టైమ్‌లో యాప్‌లు, మన ఊళ్ళలో నిజంగా జరిగింది: శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు మీ అనుభవాలు రాయండి

నాగావళి గట్టు | రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర పల్లె, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా కంపెనీ ఒక రాష్ట్ర ప్రభుత్వం పిలిచిన టెండర్‌కి వెళ్తోంది. అంటువ్యాధి ఏదైనా వస్తే కేసుల నమోదు, టీకాలు, మందుల స్టాకు, జనానికి కబురు చేరవేయడం అన్నీ ఒకే చోట నడిచేలా సిస్టమ్ చేయాలి. ఆ టీమ్‌లో నేనూ ఉన్నాను. రెండు వారాలుగా మీటింగులే. అందులో కూర్చున్న పద్నాలుగు మందిలో ఒక్క టీకా వేసిన మనిషి లేరు, ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకున్న మనిషీ లేరు. ఆ మాటే అంటే "అయితే నువ్వే కనుక్కుని రాసివ్వు" అన్నారు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

2020 మార్చి 11న అమెరికాలో వైట్‌హౌస్ వాళ్ళు, బ్రిటన్‌లో ప్రధాని ఆఫీసు వాళ్ళు ఒకే రోజు పెద్ద టెక్ కంపెనీలను పిలిచి కరోనా మీద మీరేం చేయగలరని అడిగారు. రెండు రోజులు తిరగకుండానే ట్రంప్ ప్రెస్ ముందుకొచ్చి గూగుల్ 1,700 మంది ఇంజనీర్లతో వెబ్‌సైట్ చేస్తోంది, టెస్టు అవసరమా కాదా, ఎక్కడ చేయించుకోవాలి అన్నీ అదే చెప్తుంది అన్నారు. తీరా చూస్తే అది వెరిలీ అనే సోదర సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల మొదలుపెట్టబోతున్న చిన్న ప్రయోగం. తైవాన్‌లో ఇలా జరగలేదు. ఫిబ్రవరిలో మాస్కులకి రేషన్ పెట్టినప్పుడు ఏ మందుల షాపులో ఎన్ని మాస్కులు మిగిలాయో ఆ లెక్కని ప్రభుత్వమే బయట పెట్టింది, అప్పటి డిజిటల్ మంత్రి ఆడ్రీ టాంగ్ చొరవతో. మామూలు ప్రోగ్రామర్లు ఆ లెక్క తీసుకుని మ్యాపులు చేశారు, జనం ఇంట్లోంచి చూసుకుని మాస్కులున్న షాపుకే వెళ్ళారు.

మన దేశంలో ఆరోగ్య సేతు, కరోనా ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళామేమో ఫోన్లో చెప్పే ప్రభుత్వ యాప్, ఏప్రిల్ 2న వచ్చింది, లాక్‌డౌన్ మొదలైన తొమ్మిదో రోజు. అంత వేగంగా చేయడం మామూలు విషయం కాదు, ఆ పని చేసినవాళ్ళ కష్టం నాకు తెలుసు. కానీ ఆ వేగంలో మన ఊరికి ఏం అందింది, ఏం అందలేదు అన్నదే నాకు కావాలి. మీ ఇంట్లో, మీ వీధిలో జరిగింది జరిగినట్టు రాయండి, చిన్న విషయమైనా పర్వాలేదు.

కళింగపట్నం కుర్రోడు | రాత్రి 9:31

అన్నా, మా అన్నయ్య అప్పుడు గుజరాత్ వేరావల్‌లో బోటు మీద ఉన్నాడు. లాక్‌డౌన్ పెట్టేసరికి బోట్లన్నీ రేవుకి వచ్చేశాయి, వీళ్ళకి మాత్రం తిండీ పడకా ఆ బోట్లలోనే. మన రాష్ట్రం వాళ్ళు నాలుగు వేల మందికి పైనే అక్కడ ఇరుక్కుపోయారు, ఎక్కువమంది మన రెండు జిల్లాల వాళ్ళే. ఏప్రిల్ నెలాఖరుకి బస్సులు పెట్టి బయల్దేరదీశారు.

అంతమందిలో ఎవరు ఏ బోటులో ఉన్నారో లెక్క ఎలా తేలిందో చెప్తాను. మా వైపు బోట్ల నాయకులు, అదే తండేళ్ళు, తెల్లకాగితం మీద తమ మనుషుల పేర్లు రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. మా ఊళ్ళో పెద్దాయన ఇంటి అరుగు మీద కూర్చుని వాటిని నోటుబుక్కులోకి ఎక్కించింది నేనూ మరో ఇద్దరం. అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. మా వాళ్ళలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు ముగ్గురు నలుగురు ఉంటారు, తండ్రి పేరు రాస్తే గానీ ఎవరు ఎవరో తేలదు. మాకు ఆన్‌లైన్లో నింపమని ఇచ్చిన ఫారంలో తండ్రి పేరుకి గడి లేదు! మా అన్నయ్య పేరు రెండుసార్లు వచ్చిందని ఒకటి కొట్టేశారు. ఆ రెండో మనిషి వేరే బోటు, వేరే ఇంటి మనిషి. ఆ రాత్రి మా అమ్మ అన్నం ముట్టలేదు. చివరికి వాళ్ళ తండేలు నాలుగైదు చోట్లకి ఫోన్లు చేసి బస్సులో సీటు ఇప్పించాడు.

నువ్వు చేసే దాంట్లో తండ్రి పేరు, బోటు పేరు పెట్టన్నా. తప్పకుండా పెట్టు.

గజపతినగరం మాష్టారు | రాత్రి 9:50

నేను కొంచెం వేరేగా చెప్తాను, ఎవరూ కోపం తెచ్చుకోకండి. ఇలాంటి చర్చ వచ్చిన ప్రతిసారీ యాప్ అనగానే తప్పులు వెతుకుతున్నారు. 2021 జనవరి 16న టీకాలు మొదలైతే అక్టోబరు 21 నాటికి వంద కోట్ల డోసులు పడ్డాయి, మొత్తం మీద 220 కోట్లు దాటాయి. ఇన్ని డోసుల లెక్క కాగితాల మీద పెట్టి ఉంటే ఎవరికి ఏ టీకా వేశారో, రెండో డోసు ఎప్పుడో ఎవరు చెప్పగలిగేవారు? మా అబ్బాయి ఉద్యోగం కోసం దుబాయ్ వెళ్ళాడు. టీకాల నమోదు సైటు కోవిన్ ఇచ్చిన సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉండబట్టి అక్కడ ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. చేతిరాత చీటీ అయితే నమ్మేవారా?

పైగా ప్రభుత్వం, కంపెనీలు కలిసి పనిచేయడం వల్ల మన పక్కనే విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో 2020 ఏప్రిల్‌కే టెస్ట్ కిట్ల తయారీ మొదలైంది. అది లేకపోతే అన్నిటికీ విదేశాల వైపు చూస్తూ కూర్చునేవాళ్ళం. మొన్న 2025 జనవరిలో మన మిత్ర అని వాట్సాప్‌లో 161 సేవలు పెట్టారు, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడం తగ్గింది. మంచిని మంచి అనాలి కదా.

ఉద్దానం కొబ్బరి | రాత్రి 10:02

మాష్టారూ, మీ మాట కాదనను. కానీ మా అమ్మకి వాట్సాప్ లేదు.

నాన్నకి అప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. మాది కవిటి మండలం, మా వీధిలోనే ఐదుగురు పేషెంట్లు. ఒక్క డయాలసిస్ తప్పితే కాళ్ళు వాచి ఆయాసం వచ్చేస్తుంది, ఆగేది కాదు. లాక్‌డౌన్‌లో బండి మీద తీసుకెళ్ళడానికి పాస్ కావాలి, ఫోన్లో అప్లై చేసుకోమన్నారు. ఒక్కో రోజుకి ఒక్కో పాస్ అడిగారు. వారానికి రెండుసార్లు, ఏళ్ళ తరబడి వెళ్ళాల్సిన మనిషికి ప్రతిసారీ కొత్తగా కారణం రాసి, ఆధార్ ఫొటో పెట్టి, జవాబు కోసం ఎదురుచూడాలి. డయాలసిస్ పేషెంట్ల పేర్లన్నీ సెంటర్లలో ముందే ఉన్నాయి, ఆ జాబితా చూసుకుంటే పాస్ అడగాల్సిన పనే లేదు. ఉన్న కాగితాన్ని చూడకుండా కొత్త యాప్‌లో మళ్ళీ అడగడం, ఆ టెన్షన్ మర్చిపోలేను. నాన్న 2022లో పోయారు, కరోనాతో కాదు.

నాగావళి గట్టు | రాత్రి 10:11

తమ్ముడూ, నాన్నగారి విషయం చదివి చాలా బాధ కలిగింది. ఉన్న జాబితాలను ముందు వాడాలి, తర్వాతే కొత్తగా అడగాలి అన్నది రాసుకున్నాను. కళింగపట్నం తమ్ముడు చెప్పిన తండ్రి పేరు సంగతి నాకు తట్టనే లేదు, మా ఇంట్లో కూడా ఒకే పేరువాళ్ళు ఇద్దరున్నారు.

మాష్టారూ, మీరు చెప్పింది కూడా రాస్తాను, సర్టిఫికెట్ నిజంగా పనికొచ్చింది. ఆరోగ్య శాఖలో పనిచేసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

కొండ దిగువ | రాత్రి 10:48

నేను ఏఎన్ఎం, సబ్‌సెంటర్ నర్సుని. సీతంపేట ఏజెన్సీ వైపు చాలా ఏళ్ళు చేశాను, ఇప్పుడు కింద మైదానంలో ఉన్నాను. ఫోన్లో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

బాబూ, నువ్వు అడిగావు కాబట్టి మొదటి నుంచి చెప్తాను. 2020 ఏప్రిల్ చివరి దాకా శ్రీకాకుళం జిల్లాలో కేసు లేదు, విజయనగరానికి మేలో గానీ రాలేదు. కానీ మా తిరుగుడు మార్చిలోనే మొదలైంది. నేను, ఆశా, వలంటీరు కలిసి ఇల్లిల్లూ తిరిగి జ్వరం ఉందా, దగ్గుందా, బయటి నుంచి ఎవరైనా వచ్చారా అని రాసుకున్నాం. మొదట రిజిస్టరులో, తర్వాత యాప్‌లో కూడా. ఆ కూడా అన్నదే మా ప్రాణం తీసింది. యాప్ వచ్చిందని రిజిస్టరు ఆపలేదు, రిజిస్టరు ఉందని యాప్ ఆపలేదు. ఒకే పని రెండుసార్లు. కొండ మీద సిగ్నల్ ఉండదు, మేము పగలంతా కాగితం మీద రాసుకుని, సాయంత్రం సిగ్నల్ ఉన్న మలుపు దగ్గర రాయి మీద కూర్చుని ఎక్కించేవాళ్ళం. ఆలస్యం ఎందుకైందని పైనుంచి ఫోన్లు.

యాప్ తెలుగులో ఉంది, సంతోషమే. మా దగ్గర పెద్దవాళ్ళు మాట్లాడేది సవర. "ఈ సూది వేస్తే పోతాం" అని ఒక ఊరంతా తోటల్లోకి వెళ్ళిపోతే, వాళ్ళని వెనక్కి తెచ్చింది సవర వచ్చిన మా ఆశా అమ్మాయి. ముందు తను వేయించుకుంది, మూడు రోజులు అదే ఊళ్ళో ఉండి చూపించింది. ఆ మూడు రోజుల పనికి ఏ యాప్‌లోనూ గడి లేదు.

టీకా సంగతి. ఒక వయల్ (టీకా సీసా) తెరిస్తే పది మందికి వేయాలి, నాలుగు గంటల్లో అయిపోవాలి. కంప్యూటర్‌లో స్లాటు పది గంటలకి ఉంటుంది, కొండ మీద ముసలమ్మ కట్టెలు దించుకుని వచ్చేసరికి పన్నెండు. తొమ్మిది మంది వచ్చి కూర్చుంటే పదో మనిషి కోసం ఎదురుచూడాలి, తెరిస్తే ఒక డోసు వేస్టు, తెరవకపోతే తొమ్మిది మంది వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. అందుకే మేము సంత రోజు చూసి పెట్టుకునేవాళ్ళం, ఆ రోజు అందరూ ఎలాగూ దిగుతారు. నలభై ఐదేళ్ళు దాటినవాళ్ళకి నేరుగా వస్తే వేయొచ్చు కాబట్టి నడిచింది. అదే 2021 మేలో పద్దెనిమిది నుంచి నలభై నాలుగు వాళ్ళకి మొదట ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్ ఉంటేనే అన్నారు, 24వ తేదీన గానీ సెంటర్ దగ్గరే పేరు రాయించుకోవడానికి ఒప్పుకోలేదు. మన రాష్ట్రంలో ముందు పెద్దవాళ్ళకి, తర్వాత ఐదేళ్ళలోపు పిల్లల తల్లులకి అని వరస పెట్టారు కాబట్టి మా మీద ఆ దెబ్బ కొంత తగ్గింది. ఆ వరస ఎవరు ఆలోచించారో గానీ మంచి ఆలోచన.

ఇంక ఫోన్ నంబరు. అప్పట్లో ఒక నంబరు మీద నలుగురికే రిజిస్ట్రేషన్. ఊళ్ళో సగం మందికి ఫోన్ లేదు. మొదటి నలుగురు నా నంబరు మీద, తర్వాతి నలుగురు ఆశా నంబరు మీద, తర్వాత ఆమె భర్త నంబరు, స్కూలు మేడమ్ నంబరు. ఆ పిల్లలు చెన్నైకి పనికి వెళ్ళాక సైటు దగ్గర సర్టిఫికెట్ అడిగితే రాత్రి పదకొండు గంటలకి "అక్కా, ఓటీపీ వచ్చిందా" అని ఫోను. నేను నిద్ర లేచి చెప్పేదాన్ని. ఇంకొందరికి మొదటి డోసు ఒక నంబరు మీద, రెండోది వేరే నంబరు మీద పడింది. కంప్యూటర్ లెక్కలో ఇద్దరు మనుషులు, ఇద్దరికీ ఒక్కో డోసే. రెండూ వేయించుకున్న మనిషికి ఒకటే వేసినట్టు సర్టిఫికెట్. వాటిని కలపడానికి దారి తర్వాత పెట్టారు, కానీ అది చేసుకోవడానికీ ఓటీపీయే.

మంచి కూడా చెప్పాలి. మా పీహెచ్‌సీ ఫ్రిజ్‌కి ఈవిన్ (టీకాల స్టాకు, చల్లదనం చూసే ప్రభుత్వ సిస్టమ్) వాళ్ళ టెంపరేచర్ మీటరు ఉంది, సిమ్ వేసినది. వేడి పెరిగితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేస్తుంది. ఒక రాత్రి కరెంటు పోయి జనరేటర్ పడకపోతే ఆ మెసేజ్ వల్లే టీకాలు కాపాడుకున్నాం. అది కరోనాకి ముందు నుంచీ ఉంది. మాకు ట్రైనింగ్ ఇచ్చారు, మీటరు ఎక్కడ పెట్టాలో మమ్మల్ని అడిగారు. అలాంటిది చేయి బాబూ.

గజపతినగరం మాష్టారు | రాత్రి 11:05

అమ్మా, నమస్కారం. నేను సర్టిఫికెట్ గురించి రాసినప్పుడు దాని వెనక రాత్రి పదకొండు గంటల ఓటీపీ ఉందని నాకు తెలియదు. మీలాంటివాళ్ళు మా ఊళ్ళోనూ తిరిగారు, ఒక్కసారి కూడా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మాట్లాడలేదు మేము.

అయినా నా మాట ఒకటి మిగిలే ఉంది. యాప్ వద్దనడం దారి కాదు. ప్రతి మనిషికీ ఫోన్ నంబరు ఉంటుందన్న ఆ ఆలోచనే తప్పు, దాన్ని మార్చాలి. ఫీచర్ ఫోన్ల వాళ్ళ కోసం 1921 అని మిస్డ్ కాల్ నంబరు ఆరోగ్య సేతుకే తర్వాత కలిపారు కదా, 2020 మేలో. అలాంటిది మొదటి రోజే ఉండాల్సింది.

రాజాం పిల్ల | రాత్రి 11:09

1921 గురించి మా ఊళ్ళో ఎవరికీ తెలియదండి. ఇప్పుడే వింటున్నాను. కాలర్ ట్యూన్‌లో దగ్గు మాత్రం రోజూ విన్నాం.

ఇజీనారం అడ్వకేట్ | రాత్రి 11:26

ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోని సంగతి ఒకటుంది, ఇచ్చిన డేటా ఎక్కడికి పోయింది అన్నది. ఇది పెద్ద చదువులవాళ్ళ గొడవ అనుకోకండి, మీ పేరు, ఫోన్ నంబరు, ఆధార్, జబ్బు, మీరు ఎక్కడ తిరిగారు అన్నీ అందులో ఉన్నాయి.

2020 మే 1న హోం శాఖ ఉత్తర్వులో ఉద్యోగులందరికీ, ప్రైవేటువాళ్ళకి కూడా, ఆరోగ్య సేతు తప్పనిసరి అన్నారు. 17వ తేదీకి దాన్ని "వీలైనంత వరకు" అని సడలించారు. మధ్యలో 11వ తేదీన డేటా ఎలా వాడాలో నియమావళి వచ్చింది, మామూలుగా 180 రోజులు మించి ఉంచకూడదు అని. అంటే యాప్ వచ్చిన నలభై రోజులకి నియమం వచ్చింది. యాప్ కోడు 26న బయట పెట్టారు, అదీ మొదట ఆండ్రాయిడ్‌ది. ఇవన్నీ మంచి పనులే, కానీ అన్నీ జనం గట్టిగా అడిగాకే జరిగాయి. ఆ అక్టోబరులో ఈ యాప్ ఎవరు తయారు చేశారు అన్న ఆర్టీఐ ప్రశ్నకి సరైన జవాబు ఇవ్వలేదని కేంద్ర సమాచార కమిషనే తప్పుపట్టింది.

కేరళలో ఇంకొకటి. 2020 ఏప్రిల్‌లో స్ప్రింక్లర్ అనే అమెరికా కంపెనీకి టెండర్ లేకుండా కోవిడ్ పేషెంట్ల డేటా పని అప్పగించారు. గొడవ హైకోర్టుకి వెళ్ళింది. పేర్లు, గుర్తులు తీసేసిన తర్వాతే కంపెనీకి ఇవ్వాలి, జనానికి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి అని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. సింగపూర్‌లో అయితే ట్రేస్‌టుగెదర్ అనే వాళ్ళ కరోనా యాప్ డేటా కరోనా కోసం తప్ప వాడం అని ప్రభుత్వం మాట ఇచ్చింది, 2021 జనవరిలో నేరాల దర్యాప్తుకి పోలీసులు కూడా తీసుకోవచ్చని పార్లమెంటులో ఒప్పుకోవాల్సి వచ్చింది. మాట తప్పాక జనం ఎలా నమ్ముతారు?

గూగుల్, యాపిల్ 2020 మేలో ఇచ్చిన పద్ధతిలో ఎవరిని కలిశామన్నది మన ఫోన్లోనే ఉంటుంది, సర్కారు దగ్గరికి పోదు. జర్మనీ అది వాడుకుంది. బ్రిటన్ ముందు సొంతంగా చేసుకోవాలని చూసి జూన్‌లో మానేసి అందులోకే వచ్చింది. మనం అందులోకి వెళ్ళలేదు. ఇక్కడ నాకు ఒక ఇబ్బంది కూడా ఉంది: ఒక దేశం ఏం చేయాలో రెండు కంపెనీలు తేల్చడం కూడా సరైంది కాదు. బ్రిటన్ వాళ్ళ చేతులు అలాగే కట్టేశారు. దీని మీద నాకు ఇంకా స్పష్టత రాలేదు.

2023 జూన్‌లో కోవిన్ వివరాలు ఒక టెలిగ్రామ్ బాట్‌లో కనిపించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. డేటా రక్షణ చట్టం ఆ ఆగస్టులో పాసైంది. అంటే టీకాలన్నీ వేసేశాక. నాగావళి గారూ, మీ టెండర్ కాగితంలో ఏ తేదీన ఏ డేటా చెరిపేస్తారో ఉందా? ఎవరు చెరుపుతారు, చెరిపారని ఎవరు చూస్తారు?

నాగావళి గట్టు | రాత్రి 11:41

లేదు సార్. ఇప్పుడే తెరిచి చూశాను. "నిబంధనల ప్రకారం" అని ఒక లైన్ ఉంది, అంతే. దాన్ని ఇలా వదలను, తేదీ వేయమని అడుగుతాను. కంపెనీ కాదంటే నా పేరుతోనే రాసిపెడతాను.

అక్కా (కొండ దిగువ గారూ), మీరు రాసింది మూడుసార్లు చదివాను. మేము గీసిన బొమ్మలో మొదటి అడుగే ఓటీపీ. దాన్ని కొట్టేశాను. ఫోన్ లేని మనిషికి ఇంటి నంబరు, తండ్రి పేరుతో నమోదు అయ్యేలా, సిగ్నల్ లేనప్పుడు రాసుకుని తర్వాత తనంతట తానే ఎక్కేలా మళ్ళీ మొదలుపెడతాను. రిజిస్టరు సంగతి మాత్రం నా చేతిలో లేదు, అది ఆపాలంటే ప్రభుత్వమే ఆర్డరు ఇవ్వాలి. ఆ మాట కూడా రాస్తాను.

కళింగపట్నం కుర్రోడు | రాత్రి 11:48

అన్నా, అప్పుడు మాకు ప్రతి ఊళ్ళో వలంటీరు ఉండేవాడు, ఏ ఇంట్లో ఎవరున్నారో నోటికి చెప్పేవాడు. ఇప్పుడు ఆ వ్యవస్థ నడవట్లేదు. రేపు మళ్ళీ ఏదైనా వస్తే నీ యాప్ చేతిలో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదెవరో కూడా అడుగు.

వేదిక నిర్వాహకుడు | రాత్రి 11:52

వలంటీర్ల మీద పార్టీల చర్చ ఇక్కడ వద్దు, దానికి వేరే థ్రెడ్ ఉంది. కళింగపట్నం గారి ప్రశ్న మాత్రం విషయానికి సంబంధించిందే, ఉంచుతున్నాను.

ఉద్దానం కొబ్బరి | ఉదయం 6:20

పొద్దున్నే లేచి అంతా చదివాను. ఇంకో మాట గుర్తొచ్చింది. నాన్నతో పాటు డయాలసిస్‌కి వచ్చే పెద్దావిడ ఒకరు ఉండేవారు, చదువు రాదు. ఆవిడ బ్లౌజులో ఒక చిన్న డైరీ పెట్టుకునేది, ఏ రోజు డయాలసిస్, బరువు ఎంత, ఏ మాత్ర అన్నీ సెంటర్లో సిస్టర్ చేత రాయించుకునేది. ఏ ఊరు ఆసుపత్రికి వెళ్ళినా ఆ డైరీ చూపిస్తే పని అయిపోయేది. అలాంటి కాగితం ఒకటి మనిషి చేతిలో ఉండేలా చూడండన్నా. ఫోన్ పోయినా, చార్జింగ్ అయిపోయినా అది ఉంటుంది.

కొండ దిగువ | ఉదయం 7:05

ఈ పిల్లాడు చెప్పింది నిజం. తల్లీబిడ్డల కార్డు మేము అలాగే ఇస్తాం, అది పట్టుకుని తల్లులు ఎక్కడికైనా వెళ్తారు.

బాబూ నాగావళీ, నువ్వు రాసుకోవడం కాదు, ఒకసారి వచ్చి చూడు. నా పాత రిజిస్టర్లు ఇంట్లోనే ఉన్నాయి, 2020, 2021వి. పేజీ మార్జిన్లలో నేను రాసుకున్నవి ఉంటాయి, ఫారంలో పట్టనివన్నీ అక్కడే రాశాను. పేషెంట్ల పేర్లు కనపడకుండా కాగితం అడ్డం పెట్టి చూపిస్తాను, ఫొటోలు మాత్రం వద్దు.

నాగావళి గట్టు | ఉదయం 7:30

తప్పకుండా వస్తానక్కా. ఫొటోలు తీయను, చేత్తో రాసుకుంటాను. వచ్చే వారం మూడు రోజులు సెలవు పెడుతున్నాను, బుధవారం పొద్దున్నకి దిగుతాను.

కొండ దిగువ | ఉదయం 7:34

బుధవారం, శనివారం టీకాల రోజులు, నాకు తీరదు. గురువారం రా. లేదంటే బుధవారమే వచ్చి సబ్‌సెంటర్‌లో ఒక పక్కన కూర్చో, ఎలా జరుగుతుందో నీ కళ్ళతో చూడు. తొమ్మిదింటికల్లా రావాలి, వయల్ తెరిచాక నీతో మాట్లాడలేను.

నాగావళి గట్టు | ఉదయం 7:36

బుధవారమే. ఎనిమిదిన్నరకి అక్కడుంటాను.